బాలవ్వ చావు కబురు

బాలవ్వ ఆటో దిగుతున్నదని వినగానే ఆ వరస గదుల చాలీలోని ఆడవాళ్లంతా చేతిలో పని వదిలేసి గదుల ముందుకు వచ్చారు. హారతి ఒక్కతే పై అంతస్తులో, మెట్ల మలుపు దగ్గర, గోడకు ఆనుకుని ఉండిపోయింది. తొంగి చూడటానికి ధైర్యం చాలలేదు. లోపలికి పోవడానికి మనసొప్పలేదు.

“మెల్లగ... అవ్వా, నా బుజం పట్టుకో,” అంటున్నాడు బాలవ్వ కొడుకు సోమలింగం.

“నీ బుజమెందుకురా? రోగమొచ్చింది ఊపిరికి, కాళ్లకు గాదు.”

గొంతు సన్నబడిపోయింది. ఆ చిన్న మాటకే మధ్యలో ఆగి గాలి తీసుకుంది. అయినా అది బాలవ్వ గొంతే. దవాఖానకు తీసుకుపోయిన నాటి నుంచి హారతి గుండె మీద ఎక్కి కూర్చున్నదేదో లేచి వెళ్లిపోయినట్టయింది. ముక్కుకు కట్టుకున్న గుడ్డతోనే కళ్లు తుడుచుకుంది.

“గామె ఏదే? నన్ను సంపినామె?” అని కింద నుంచి మళ్లీ వినపడింది.

చాలీ అంతా గొల్లున నవ్వింది. సోమలింగం నవ్వాడో లేదో పై నుంచి తెలియలేదు. నవ్వి ఉండడని హారతి అనుకుంది.

ఆమె ఎవరినీ చంపలేదు. నవల రాస్తోంది, అంతే.

హారతి నవలలు రాస్తుందని సూరత్‌లో లింబాయత్ పేటలోని ఆ చాలీలో అందరికీ తెలుసు. చదివినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి ఏనాడో సిరిసిల్ల పక్క ఊళ్ల నుంచి సూరత్ వచ్చిన పెద్దవాళ్లకు చదువు రాదు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు గుజరాతీలోనో హిందీలోనో చదువుకున్నారు. తెలుగు గలగలా మాట్లాడతారు, అక్షరం మాత్రం పోల్చుకోలేరు. అందుకే ఆమె మొదటి నవల అచ్చయి వచ్చిన కట్టలు మంచం కిందే ఉన్నాయి. వాటి మీద రింగ్ రోడ్ మార్కెట్ నుంచి వచ్చే చీరల మూటలు పెడుతుంది. పగలంతా ఆ చీరలకు మెరుపు రాళ్లు అతికించడం ఆమె పని. భర్త రవీంద్ర సాంచెలు నడిపే కారీగరు.

ఆమె పదో తరగతి దాకా ఊరి బడిలో చదివింది. ఆ బడిలో ఒక ఇనుప బీరువా ఉండేది. తెలుగు సారు శనివారం మధ్యాహ్నం దాని తాళం తీసేవాడు. పెళ్లయి సూరత్ వచ్చాక బీరువా లేదు, సారు లేడు. ఊరి నుంచి తొక్కు సీసాలు మాత్రం వచ్చేవి. వాటికి చుట్టిన ఆదివారం పేపర్లలో కథలుండేవి. ఒక కథకు మొదలుండేది కాదు. ఇంకో కథకు చివర నూనెలో నానిపోయి అక్షరాలు కనిపించేవి కావు. ఆ లేని ముక్కను హారతి రాళ్లు అతికిస్తూ మనసులో అల్లుకునేది. రాయడం ఆమెకు అట్లా పట్టుబడింది. సగం కథ చేతికొస్తే మనిషి ఊరుకోడని, మిగతా సగం తానే పూర్తి చేసుకుంటాడని ఆమెకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

మాటలు తక్కువ మనిషి. నలుగురు కూర్చున్న చోట ఓ మూల కూర్చుని వింటుంది. కానీ మొదటి లాక్‌డౌన్‌లో చాలీకి ఆమే గొంతయింది. సాంచెలు ఆగిపోయి, సగం మంది ఊళ్ల దారి పట్టాక, మిగిలిన పెద్దవాళ్లకు ఊరితో మాట్లాడుకునే దారి ఫోన్ ఒక్కటే. వాళ్లకేమో ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంటే మాట రాదు. ఏడుపొస్తుంది, లేకపోతే సిగ్గేస్తుంది. “నువ్వు జెప్పు బిడ్డా, నువ్వు జెప్తె సక్కగుంటది,” అని హారతి దగ్గరికి వచ్చేవాళ్లు. వాళ్లు చెప్పింది విని, పొందికగా పేర్చి, తన గొంతుతో రికార్డు చేసి పంపేది. మంచికీ చెడుకూ ఆమే. రెండో ఏడు జబ్బు మళ్లీ విరుచుకుపడ్డాక చెడ్డ కబుర్లు ఎక్కువయ్యాయి. సూరత్ నుంచి హారతి గొంతు వచ్చిందంటే రవీంద్ర సొంతూరు లచ్చపేటలో జనం కూర్చున్నవాళ్లు లేచి నిలబడి వినేదాకా వచ్చింది.

మనసు తేలిక కావడానికని చాలీ ఆడవాళ్లే ఒకరోజు అడిగారు. “ఎప్పుడు సావు కబుర్లేనా? గా రాస్తున్న కథ సదివి పెట్టరాదె, పని జేసుకుంట ఇంటం.” అప్పటి నుంచి ఏ అధ్యాయం పూర్తయితే ఆ అధ్యాయం చదివి, రికార్డు చేసి, చాలీ ఆడవాళ్ల గ్రూపులో పెట్టేది. తన రాతను మనుషులు వింటుండగా చూడటం ఆమెకు అదే మొదలు. వరండాలో ఎవరి చేతి సూది ఏ మాట దగ్గర ఆగిందో పై నుంచి చూసేది. ఆగని చోట మళ్లీ రాసేది.

వినేవాళ్లలో బాలవ్వ ముందుండేది. కింది అంతస్తు మొదటి గది ఆమెది. ఆమె పుట్టిల్లు లచ్చపేటే. ఎన్నో ఏళ్లు కండెలకు దారం చుట్టి చుట్టి కుడిచేతి బొటనవేలు పక్కకు వంగిపోయింది. ఒక కాలికి వెండి కడియం ఉంటుంది, రెండోది మనవరాలి పెళ్లికి కరిగించింది. చాయ్ సాసర్‌లోనే తాగుతుంది, వేడిగా ఉన్నా చల్లారినా ఊదే తాగుతుంది. ఇవన్నీ హారతి నవలలోకి వెళ్లిపోయాయి. అందులో కండెలు చుట్టే ముసలామె పేరు వెంకటవ్వ. “గామె నా లెక్కనే ఉన్నదే,” అని బాలవ్వ మురిసిపోయేది. “జర మంచిగ సూసుకో గామెను.”

ఏప్రిల్‌లో, డాబా మీద మామిడి ఒరుగులు ఎండబెడుతుంటే కాకి వచ్చి బాలవ్వ నెత్తిన తన్నింది.

ఆమె మెట్లు దిగి నేరుగా హారతి గుమ్మంలోకి వచ్చింది. “కాకి తన్నిందే బిడ్డా! గిక్కడ, నడి నెత్తి మీద!”

“ఒరుగుల కోసం వచ్చి ఉంటది అవ్వా. నీ మీద దానికేం కోపం?”

“నీకు తెల్వది. కాకి తంతే సావు సూపు. జెల్ది ఊరికి కబురు పంపు. బాలవ్వ సచ్చిపోయింది అని జెప్పు. మా చెల్లె సారక్క ఏడ్వాలె, మా తమ్ముడు మొండయ్య ఏడ్వాలె. ఆళ్లు ఏడ్సినంక, ఉత్తదే, బతికే ఉన్నది అని ఇంకో కబురు పంపు. గండం పోతది.”

ఆ ఆచారం హారతి ఎరగనిది కాదు. ఊళ్లో ఆమె చిన్నప్పుడూ చేసేవాళ్లు. కాకి తన్నినవాళ్లు చచ్చిపోయారని రక్తసంబంధీకులకు కబురు పంపాలి. అబద్ధమని తెలిసి ఏడిస్తే లెక్కలోకి రాదు. నిజమని నమ్మి ఏడవాలి. ఆ ఏడుపుతో చావు తన పని అయిపోయిందనుకుని వెళ్లిపోతుంది.

“ఇప్పుడా అవ్వా?” అంది హారతి. “ఫోన్ తీస్తే నిజం కబుర్లకే జనం గుండెలు ఆగుతున్నయి. అబద్ధం కబురు నా నోటితో నేను చెప్పలేను.”

“కథలల్ల రోజూ జెప్తవు గదా అబద్ధాలు! నా కోసం ఒక్కటి జెప్పరాదా?”

“అది వేరు అవ్వా.”

“ఏం వేరు?”

మాట మారుద్దామని హారతి, “మొండయ్య మామ నిజంగ ఏడుస్తడా? మీకు మాటలే లేవంటివి,” అంది.

“ఆడు ఇల్లు గట్టుకున్నడు. బొట్టు పెట్టి పిలువకుండ ఫోన్ల పిలిసిండు. నేను పోలె. నేను పోలేదని ఆడు మాట్లాడలె. గంతే గానీ తమ్ముడు కాకుండ పోయిండా? ఏడుస్తడో లేదో, గది గుడ తెలుస్తది గదా!” అని, హారతి ఫోన్ తీయకపోవడం చూసి, మూతి తిప్పుకుని దిగిపోయింది.

బాలవ్వ కోపం సాయంత్రానికి పోయింది. హారతిని మాత్రం ఆ కాకి వదల్లేదు. రాళ్లు అతికిస్తుంటే చీర మీద నల్లగా వాలేది. రెండు రోజుల తర్వాత కలం తీసి రాసింది. నవలలో వెంకటవ్వను కాకి తన్నింది. చావు కబురు పంపమని వెంకటవ్వ అడిగింది, ఎవరూ పంపలేదు, వెంకటవ్వ చచ్చిపోయింది. ఆ అధ్యాయం కొట్టివేత లేకుండా, మంచి దారం కండె మీద నుంచి జారినట్టు వచ్చింది. రాసిన రోజు హారతి తృప్తిగా రెండు మార్లు అన్నం పెట్టుకుని తిన్నది. ఆ అన్నం తర్వాత ఆమెకు చాలాసార్లు గుర్తొచ్చింది.

అధ్యాయం పొడుగైంది. రెండు ముక్కలుగా రికార్డు చేసి చాలీ గ్రూపులో పెట్టింది. మొదటి ముక్కలో ఇది కథ అనీ, వెంకటవ్వ అనీ, కాకి అనీ అన్నీ ఉన్నాయి. రెండో ముక్కలో ఒట్టి చావు ఉంది.

మర్నాడు బాలవ్వకు జ్వరం వచ్చింది. రెండో ముక్క ఆమె వినలేదు.

జ్వరం దగ్గయింది, దగ్గు ఆయాసమైంది. సోమలింగం ఆమెను పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. లోపలికి మనుషుల్ని రానివ్వరు. గేటు బయట టార్పాలిన్ పందిరి కింద, ఆమెలాంటి వాళ్ల కొడుకులూ కోడళ్లూ కూర్చునే చోట అతనూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం హారతి గోడ మీది మార్కండేయుడి పటం ముందు నిలబడింది. పద్మశాలీల ఇళ్లలో ఆ పటం లేని గోడ ఉండదు. లింగాన్ని వాటేసుకున్న పిల్లవాడు, మెడకు యముడి తాడు. చావు దగ్గరిదాకా వచ్చి వెనక్కి పోయిన సంగతి ఆయనకు కాక ఇంకెవరికి తెలుసు? “అవ్వను తిరిగి పంపు తండ్రీ,” అని మొక్కుకుంది. “అవ్వ బతికొస్తే నేను మళ్లీ రాయను. ఈ నవల ఇంతటితో ఆపేస్తా.” ఎవరికీ చెప్పలేదు. రవీంద్రకు కూడా.

కలం పెట్టెలో పడేశాక వాక్యాలు మరింత రావడం మొదలుపెట్టాయి. రాళ్లు అతికిస్తుంటే వచ్చేవి, కూరగాయలు కడుగుతుంటే వచ్చేవి. అంబులెన్సులకు అలవాటుపడి వీధి కుక్కలు అరవడం మానేశాయని ఒకటి వచ్చింది. పొరుగింటామె భర్త మాస్కు ఉతికి, అతని చొక్కా పక్కనే దండెం మీద, చొక్కాకున్నంత మర్యాదతో ఆరేసిందని ఇంకొకటి. ఈగను తోలినట్టు తోలేది. అవి కాసేపు ఎగిరి మళ్లీ అక్కడే వాలేవి.

ఇంతవరకైతే హారతి మొక్కు హారతి దగ్గరే ఉండేది. మధ్యలో రవీంద్ర ఫోన్ వచ్చి పడింది.

రవీంద్రకు భార్య రాత అంటే గర్వం. చదవడు, వింటాడు. ఆ అధ్యాయం రికార్డు చేసిన రోజే సాంచెల దగ్గర చాయ్ వేళ విని, కళ్లు తుడుచుకుని, రెండు ముక్కలూ లచ్చపేట గ్రూపుకు కొట్టాడు. అప్పుడే అతని ఫోన్‌లో నెట్ అయిపోయింది. ముక్కలు పోలేదు. అతనూ మరిచిపోయాడు. బాలవ్వ దవాఖానలో ఉండగా ఒక పొద్దున రీచార్జి చేశాడు. పెద్దదైన మొదటి ముక్క అక్కడే ఆగింది. చిన్నదైన రెండోది తనంతట తానే బయలుదేరి పోయింది.

లచ్చపేటలో ముందుగా విన్నది సారక్క.

హారతి గొంతు. “పొద్దు పొడవకముందే అవ్వ పోయింది. నీళ్లు అడిగింది, గ్లాసు తెచ్చేలోపే కళ్లు తేలేసింది. ఒక్క కడియమున్న కాలు దుప్పటి బయట ఉండిపోయింది. సాసర్ చూరు కింద బోర్లించే ఉంది...”

బాలవ్వ దవాఖానలో ఉందని ఊరికి తెలుసు. ఒక్క కడియం తెలుసు. సాసర్ తెలుసు. ఇక పేరు ఎవరికి కావాలి? సారక్క వాకిట్లో కూలబడి రాగం తీసింది. మొండయ్య ఏమీ మాట్లాడకుండా బావి దగ్గరికి పోయి నెత్తి మీద నీళ్లు పోసుకున్నాడు. ఆడబిడ్డ పోతే పుట్టింటి చీర కప్పాలి. దుకాణాలు మూసి ఉంటే వెనక తలుపు తట్టి చీర కొన్నాడు. సూరత్‌కు పోవడానికి బండి లేదన్న సంగతి చీర చేతికొచ్చాకే గుర్తొచ్చిందట. అప్పుడు ఏళ్ల తర్వాత మేనల్లుడికి ఫోన్ చేశాడు.

“అల్లుడా, ఎప్పుడు పోయిందిరా అక్క? మాకు నువ్వు జెప్పాల్నా, ఎవళ్లో జెప్తె తెల్వాల్నా?”

సోమలింగం పందిరి కింద ఉన్నాడు. ఆ పూట లోపలి నుంచి అతనికి ఇంకా ఏ కబురూ రాలేదు. తనకంటే ముందు ఊరికెట్లా తెలిసిందని ఆలోచించే స్థితిలో లేడు. ఫోన్ జారిపోయింది. నేల మీద కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. పక్కనున్నవాళ్లు, అతని భాష రానివాళ్లు, ఎవరి పేరని అడగకుండానే వీపు నిమిరారు. వాళ్లలో ఒక గుజరాతీ పెద్దామె అతన్ని లేపి, రోగుల సంగతి చెప్పే కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. కిటికీలోని అమ్మాయి పేరు చూసి, లోపలికి ఫోన్ చేసి, విని, మొహం చిట్లించింది.

“బాలవ్వ? ఖిచిడీ తిన్నదట. చాయ్ ఇయ్యలేదని నర్సుతో కొట్లాట పెట్టుకున్నదట,” అంది హిందీలో.

వీడియో పెట్టి చూపించారు. ముక్కుకు గొట్టంతో బాలవ్వ. “ఏందిరా, గట్లేడుస్తున్నవ్? ఎవలు సచ్చిండ్రు?”

అంతా తెలిశాక సోమలింగం హారతికి ఫోన్ చేశాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. అప్పుడూ పెంచలేదు. “కథలు రాసుకుంటె రాసుకో చెల్లె. బతికున్న మా అవ్వనే సంపాల్నా? నీకింకెవలు దొరుకలేదా?”

“అన్నా...” అంది హారతి. ఫోన్ పెట్టేశాక మార్కండేయుడి వైపు చూసి, మొక్కు మరింత బిగించుకుంది.

మరి ఇప్పుడు కింద బాలవ్వ పిలుస్తోంది.

రవీంద్ర గదిలోంచి తల బయటికి పెట్టాడు. “పో, నిన్నే పిలుస్తున్నది.”

“పంపింది నువ్వు. నువ్వే పో.”

“పంపింది నేనే గానీ, సంపింది నువ్వు గదా!” అని అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపేశాడు. దగ్గరికి వచ్చాడు. “పో హారతీ. కొడ్తె కొట్టనియ్. కొట్టడానికి మనిషి మిగిలింది గదా.”

ఆ మాట పట్టుకునే ఆమె మెట్లు దిగింది.

గుమ్మంలో అడ్డంగా మంచం వేసి బాలవ్వను కూర్చోబెట్టారు. ఎంత చిన్నగా అయిపోయింది! జాకెట్ చేతులు వదులుగా వేలాడుతున్నాయి. కానీ చేతిలో సాసర్ ఉంది, ఊదుతోంది. ఊదడానికి గాలి చాలక మధ్యలో ఆగి, మళ్లీ ఊదుతోంది. హారతి కొంచెం దూరంగా, వరండా స్తంభం దగ్గర నిలబడింది. సోమలింగం ఆమె వంక చూడకుండా మందుల సంచి విప్పుకుంటున్నాడు.

“రా. కూసో,” అంది బాలవ్వ. “ముందుగాల గిది ఇను.”

పక్కనున్న ఫోన్ నొక్కింది. అందులోంచి సారక్క ఏడుపు రాగంగా సాగింది. నా అక్కా, నా పెద్దక్కా, నాకు పసుపు కింద బర్రెను ఇచ్చి తోలిన తల్లీ, నిన్ను యాడ ఎతుకుదునే...

“సూసినవా? బర్రెనంట! నేనిచ్చింది ఆవును. సచ్చినప్పుడన్న సక్కగ యాదికి తెచ్చుకోవద్దా?” బాలవ్వ ఊపిరి తీసుకుంది. “రాగం మంచిగనే తీసింది గానీ. పోయినేడు మా మేనత్త సచ్చినప్పుడు గింత మంచిగ తియ్యలె.”

వరండాలో మళ్లీ నవ్వులు. హారతికి నవ్వాలో వద్దో తెలియలేదు.

“ఇప్పుడు నీది పెట్టు.”

“వద్దవ్వా. నేను తీసేసిన.”

“నువ్వు తీసేస్తే ఏమాయె? ఊరంత ఉన్నది.” ఫోన్ చాచింది. “మొండయ్య పంపిండు. ‘అక్కా, గిది ఇని నేను గోడకు తల గొట్టుకున్న’ అన్నడు. దవాఖాన్ల ఉండంగ రోజు ఫోన్ జేసిండు తెల్సా? నర్సు పోరి, ఈయన ఎవలవ్వా, మీ ఆయనా అని అడిగింది.”

బాలవ్వే నొక్కింది. హారతి తన గొంతు తాను వింటూ నిలబడాల్సి వచ్చింది. వింటున్నప్పుడు చూడటం ఆమె అలవాటు కాబట్టి చూసింది. కడియం దగ్గర బాలవ్వ తన కాలి వైపు చూసుకుంది. సాసర్ దగ్గర చేతిలోని సాసర్‌ను నింపాదిగా కింద పెట్టింది. చివరిదాకా విని, ఫోన్ పక్కన పెట్టింది. సోమలింగం చేతిలో మందుల కవరు చప్పుడు కూడా ఆగిపోయింది.

“ఒక్కటి తప్పు,” అంది బాలవ్వ.

“ఏందవ్వా?”

“నీళ్లు అడిగింది అని రాసినవ్. నేను సచ్చేటప్పుడు నీళ్లెందుకు అడుగుతనే? చాయ్ అడుగుత.”

సోమలింగానికి నవ్వు ఆగలేదు. మందుల సంచిలోకి తల దించుకుని నవ్వాడు. తల ఎత్తేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. ఆటో దిగాక అతను హారతి వైపు చూడటం అదే మొదటిసారి.

“మిగిలిందంత మంచిగున్నది,” అని బాలవ్వ సాగించింది. “కాకి తన్నింది. కబురు పంపుమంటే పంపకపోతివి. ఐనా గది పోనే పోయింది. సారక్క ఏడ్సింది. మొండయ్య ఏడ్సిండు. ఈ ఎడ్డోడు గుడ గేటు కాడ పడి ఏడ్సిండట. ఒక్కలు గుడ ఉత్తుత్తగ ఏడ్వలె. ఇంక గండమెక్కడుంటది?”

“అవ్వా, దవాఖానల మందులు పని జేసినయి...” అన్నాడు సోమలింగం.

“చేసినయి, నేను కాదన్ననా? గవి గుడ చేసినయి.” మళ్లీ హారతి వైపు తిరిగింది. “ఇగ జెప్పు. తర్వాత ఏమైతది?”

“దేని తర్వాత?”

“వెంకటవ్వ సచ్చిపోయింది గదా. తర్వాత ఏమైతది?”

హారతి తల దించుకుంది. “ఇంక రాస్తలేను అవ్వా.”

“ఏమొచ్చె?”

చెప్పక తప్పలేదు. పటం ముందు నిలబడిందీ, మొక్కిందీ చెప్పింది. నువ్వు వచ్చావు కాబట్టి నా మాట నేను నిలబెట్టుకోవాలంది. అందరి ముందూ అంత పొడుగు మాట ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. పై వరండాలో రవీంద్ర అక్కడే నిలబడిపోయాడు. అతనికీ ఇప్పుడే తెలుస్తోంది.

బాలవ్వ సాసర్ అందుకుని, చల్లారిన చాయ్‌ని ఊది, తాగి, మూతి తుడుచుకుంది.

“నా పానం మీద మొక్కినవా?”

“ఊ.”

“నన్నడిగినవా?”

“నువ్వు దవాఖానల ఉన్నవు గద అవ్వా.”

“పానం నాది, మొక్కు నీదా? మార్కండేయునికి నీ కలమెందుకే? ఆయనేం రాసుకుంటడు? కొబ్బరికాయ గొడ్త. నేనే పోయి, గుడి ముందు నిలవడి, పోరి తెల్వక మొక్కింది తండ్రీ, గీ కాయ తీసుకొని గామెను ఇడిసిపెట్టు అని జెప్త. ఆయన గుడ ఒకప్పుడు పోరడే గదా, ఇంటడు.” ఊపిరి కోసం ఆగింది. ఈసారి ఎక్కువసేపు ఆగింది. మాట మొదలుపెట్టినప్పుడు హాస్యం పోయి మెత్తదనం వచ్చింది. “గది కాదు బిడ్డా. లోపట మంచం మీద పన్నప్పుడు నా పక్కనామె పోయింది. ఆమె పక్కనామె గుడ పోయింది. ఆళ్లకు ఎవలు ఏడ్సిండ్రో, ఏం పెట్టిండ్రో తెల్వది. మూట గట్టి తీస్కపోయిండ్రు. ఇప్పుడు నీ వెంకటవ్వ. నాకు బదులు పోయింది గామె. కళ్లు తేలేసిందని రాసి గట్లనే ఇడిసిపెడ్తవా? దినం లేదు, పిట్టకు పెట్టుడు లేదు. గామె గుడ ఉత్తగనే పోవాల్నా?”

వరండాలో ఎవరూ నవ్వలేదు. పిట్టకు పెట్టడమంటే, మూడో రోజు చచ్చినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెడితే, కాకి వచ్చి ముట్టాలి. ముట్టేదాకా ఇంటివాళ్లు అన్నం తినకూడదు. ఆ ఏడు ఎన్ని ఇళ్లలో విస్తరి వేయడానికి వీల్లేకపోయిందో అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు.

హారతికి లోపల ఏదో ముడి సడలింది. ఈగలా తోలేసిన వాక్యాలన్నీ వచ్చి వరసగా కూర్చున్నట్టనిపించింది. స్తంభం దగ్గర నుంచి కదిలి, గుమ్మానికి ఈవలగా, నేల మీద కూర్చుంది.

“విస్తరిలో ఏమేం పెట్టాలె అవ్వా?” అని అడిగింది.

బాలవ్వ మొహం వెలిగింది. “ముందుగాల చాయ్. సాసర్ల పొయ్యాలె, గ్లాసుల పోస్తె నేను... గామె ముట్టది. కోడికూర, ఎల్లిపాయ కారం. మామిడి ఒరుగుల పప్పు. జర్దా డబ్బ మరువకు. ఆఖర్కి కల్లు.”

“గుజరాత్‌ల కల్లెక్కడిది అవ్వా? బంద్ గదా!” అన్నాడు సోమలింగం.

“సూరత్‌ల బంద్ రా. కథల బందా?” అని, హారతి వైపు ఆశగా చూసింది. “దొరుకుతది గదా బిడ్డా?”

“దొరుకుతది అవ్వా. ఈత కల్లా, తాటి కల్లా?”

“తాటి కల్లు. పొద్దుగాల దింపింది.”

“అట్లనే.”

“మొండయ్యను రానియ్యి. చీర పట్టుకొని రావాలె. రైలు నడిపియ్యి ఆనికి.” అంతలోనే ఏదో గుర్తొచ్చి కొడుకు వైపు తిరిగింది. “అరే, గా చీర ఏం జేసిండ్రా వాడు? నాకు కప్పుదామని కొన్నది?”

“ఇంట్లనే పెట్టిండట. దుకాణపాయన తిరిగి తీసుకోనన్నడట.”

“ఎందుకు తిరిగిచ్చుడు? పంపుమను. కట్టుకుంట. ఏం రంగో అడుగు.”

సోమలింగం ఫోన్ అందుకున్నాడు. అవతల మొండయ్య ఎత్తగానే, “ఏం రంగు తెచ్చినవ్‌రా?” అని బాలవ్వ మంచం మీద నుంచే అరిచింది. అరిచినంత మేరా దగ్గింది. దగ్గు ఆగాక అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు.

హారతి లేచి మెట్ల వైపు నడిచింది. వెనక నుంచి సోమలింగం పిలిచాడు. “చెల్లె.” ఆగింది. “పప్పుల ఒరుగులు గామె ఎండబెట్టినవే అని రాయి. నువ్వు సదివినప్పుడు అవ్వ ఇంటది.”

“రాస్త అన్నా.”

పైన రవీంద్ర ఆమె మొహం చూశాడు. మంచం మీదున్న చీరల మూటను తానే తీసి పక్కన పెట్టాడు. హారతి పెట్టెలోంచి కలమూ కాగితాలూ తీసుకుంది. గదిలో ఉక్కగా ఉందని డాబా మీదికి పోయింది.

సాయంత్రం ఎండ మెత్తబడింది. దూరంగా ఎక్కడో ఒక ఖాతా షెడ్డులో సాంచెలు ఆడుతున్నాయి, అన్నీ కాదు, కొన్ని. చాప మీద బాలవ్వ ఎండబెట్టిన ఒరుగులు అట్లాగే ఉన్నాయి. ఆమె లేనప్పుడు ఎవరో పొద్దున పరిచి రాత్రికి తీస్తూ వచ్చారు. హారతి వాటి పక్కనే కూర్చుని, ముందుగా నీళ్లు అన్న చోట కొట్టేసి చాయ్ అని రాసింది. తర్వాత కొత్త కాగితం మోకాళ్ల మీద పెట్టుకుంది.

పిట్టగోడ మీదికి కాకి ఒకటి వచ్చి వాలింది. మెడ పక్కకు వంచి, ఒరుగుల వైపూ ఆమె వైపూ మార్చి మార్చి చూసింది.

హారతి కొంగు తీసి నెత్తి మీద నిండుగా కప్పుకుంది. అప్పుడు రాయడం మొదలుపెట్టింది.